పదేళ్ల ల్యాప్‌టాప్ నత్తలా నడుస్తోంది: పార్టులు మార్చాలా, మెషీనే మార్చాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: 2015లో కొన్న ల్యాప్‌టాప్, ఐ3-5005యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున ఆన్ చేసి టీ తాగి వచ్చినా గుండ్రాలు తిరుగుతూనే ఉంటాయి. దానిమీద ట్యాలీ, ఎక్సెల్, బ్రౌజర్, సాయంత్రం పాప ఆన్‌లైన్ క్లాసు. షాపతను ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్‌కి బదులు వేసే చిప్‌ల డ్రైవ్), ర్యామ్, బ్యాటరీ, కీబోర్డు అన్నీ కలిపి 14,000 చెప్పాడు. ఇంట్లోవాళ్లేమో ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుందంటున్నారు.

సూటిగా చెప్పాలంటే: ఎస్‌ఎస్‌డీ వేయించండి, ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించండి, అక్కడితో ఆపండి. బ్యాటరీ, కీబోర్డు వద్దు. ఈ రెండింటి ఖర్చుకీ ఒక హద్దు పెట్టుకోండి. మీ ఊళ్లో 8వ తరం ఐ5 ఉన్న రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి మళ్లీ అమ్మే) ల్యాప్‌టాప్ ఎంతకు దొరుకుతోందో కనుక్కుని, దాన్ని మూడుతో భాగించండి. అది 18,000 అనుకుంటే మీ హద్దు 6,000. అది దాటితే పాతదాని మీద పెట్టే డబ్బు దండగ. ఎందుకంటే మీ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు, విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అంటే మీరు కొనేది ఒకటి రెండేళ్ల గడువు మాత్రమే. దాని వెల అంతే ఉండాలి.

కానీ పార్టులు కొనే ముందు అసలు నెమ్మది ఎక్కడుందో చూడాలి. "స్లో అయింది" అనేది జ్వరం లాంటిది, రోగం పేరు కాదు. డిస్క్ కావచ్చు, ర్యామ్ కావచ్చు, వేడి కావచ్చు, ప్రాసెసర్ కావచ్చు. నాలుగింటికీ మందు వేరు. వేడెక్కి నెమ్మదించిన మెషీన్‌కి ఎస్‌ఎస్‌డీ వేస్తే త్వరగా ఆన్ అవుతుంది, పది నిమిషాలకు మళ్లీ మొదటికొస్తుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. "మోర్ డీటెయిల్స్" నొక్కి "పెర్ఫార్మెన్స్" ట్యాబ్‌కి వెళ్లండి. ఒక్కసారి చూసి తీర్పు చెప్పకండి, మూడుసార్లు చూడండి: ఆన్ అయిన వెంటనే ఒకసారి, ఏమీ ముట్టుకోకుండా పదిహేను నిమిషాలు వదిలేశాక ఒకసారి, ట్యాలీ, ఎక్సెల్, నాలుగు బ్రౌజర్ ట్యాబ్‌లు తెరిచి పని చేస్తున్నప్పుడు ఒకసారి. ఆన్ అయిన వెంటనే చూస్తే విండోస్ అప్‌డేట్, యాంటీవైరస్ స్కాన్ నడుస్తుంటాయి, ఆ సమయంలో ఏ పాత మెషీనైనా ఆయాసపడుతుంది.

మొదట "డిస్క్" నొక్కండి. "యాక్టివ్ టైమ్" 100 శాతం దగ్గర అతుక్కుపోయి, కింద చదివే వేగం మాత్రం సెకనుకు 1, 2 ఎంబీ చూపిస్తుంటే రోగం దొరికినట్టే. దాని పక్కనే "యావరేజ్ రెస్పాన్స్ టైమ్" ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్‌లో అది 20, 30 మిల్లీసెకన్లు. 500, 1000 చూపిస్తుంటే పనుల క్యూ గుమ్మం దాటి వీధిలోకి వచ్చిందన్నమాట.

డిస్క్ 100 శాతం పని చేస్తూ 1 ఎంబీ మాత్రమే ఇవ్వడం వింతగా అనిపిస్తుంది. లెక్క చూడండి. మీ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది, అంటే చుట్టుకి 11 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క హెడ్ (డిస్క్‌ని చదివే సూది) కిందికి రావడానికి సగటున అర చుట్టు పడుతుంది, 5.5 మిల్లీసెకన్లు. హెడ్ ఆ ట్రాక్ దాకా జరగడానికి ఇంకో 12. వెరసి ఒక్క ముక్కకు 17, 18 మిల్లీసెకన్లు, సెకనుకు 55, 60 ముక్కలు. ఒక్కో ముక్క 4 కేబీ అయితే సెకనుకు పావు ఎంబీ కూడా రాదు. విండోస్ లేచేటప్పుడు ఇలాంటి చిన్న ముక్కలు వేలకొద్దీ చదువుతుంది. అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలును సెకనుకు 80, 100 ఎంబీ చొప్పున కాపీ చేసేస్తుంది, ఎందుకంటే అప్పుడు హెడ్ అటూ ఇటూ పరిగెత్తక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏమీ లేదు, ముక్క దొరకడానికి సుమారు 0.1 మిల్లీసెకను. డబ్బా మీద అచ్చేసే "550 ఎంబీ" వేగం కాదు మీకు తేడా చూపించేది, ఈ 18కి 0.1కి మధ్య తేడా. అందుకే పాత సాటా పోర్టులో (మీ హార్డ్ డిస్క్ తగిలించే కనెక్టర్‌లో) వేసినా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

తర్వాత "మెమరీ" నొక్కండి. అక్కడ "కమిటెడ్" కింద 5.8/9.1 లాంటి రెండు అంకెలుంటాయి. మొదటి అంకె మామూలు పనిలోనే మీ ర్యామ్ (4 జీబీ) దాటుతుంటే, మిగిలిన దాంట్లో కొంత విండోస్ డిస్క్ మీద పేజ్ ఫైల్‌లో దాచి తిరిగి తెచ్చుకుంటోందని అర్థం. హార్డ్ డిస్క్ ఎలా పరిగెత్తుతుందో పైన చూశారు కదా, మీ మెషీన్‌లో ఆ రెండు రోగాలూ ఒకదాన్నొకటి పెంచుతుంటాయి. విండోస్ 10 ఏమీ తెరవకుండానే సుమారు 2 జీబీ వాడేస్తుంది, గ్రాఫిక్స్‌కి కొంత పక్కన పెడుతుంది. మిగిలిన దాంట్లో బ్రౌజర్, ట్యాలీ రెండూ ఇరుక్కుని కూర్చోవాలి.

అదే పేజీలో "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని ఉంటే మీ అదృష్టం. "1 ఆఫ్ 1" అని ఉంటే ఉన్న 4 జీబీ ముక్క తీసి 8 జీబీ వేయాలి, ఖర్చు పెరుగుతుంది. కొన్ని మోడళ్లలో 4 జీబీ బోర్డుకే అతికించి, ఒక్క స్లాటు ఖాళీగా వదులుతారు. అది మంచిదే.

ఇక "సీపీయూ", అంటే ప్రాసెసర్. వాడకం 100 శాతం ఉన్నప్పుడు కింద "స్పీడ్" ఎంతుందో చూడండి. మీ ఐ3-5005యూ గరిష్ఠ వేగం 2.0 గిగాహెర్ట్జ్, దానికి టర్బో (అవసరమైనప్పుడు వేగం పెంచుకునే వీలు) లేదు. నిండా పనిలో ఉండి కూడా 0.8 చూపిస్తుంటే అది ముసలితనం కాదు, ఎవరో మెడ పట్టుకుని ఆపుతున్నారు. మామూలుగా ఇద్దరే అనుమానితులు. ఒకటి వేడి, రెండోది ఛార్జర్. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లు ఛార్జర్ పిన్ను మధ్యలో ఉండే సన్నటి తీగ ద్వారా ఇది తమ ఛార్జరేనా అని పోల్చుకుంటాయి. లోకల్ ఛార్జర్ పెట్టినా, ఆ పిన్ను విరిగినా బ్యాటరీ ఛార్జింగ్ ఆపేసి ప్రాసెసర్‌ని అడుగు వేగానికి కట్టేస్తాయి. ఛార్జర్ పీకేసి బ్యాటరీ మీద నడిపినప్పుడు వేగం పెరిగితే తప్పు ఛార్జర్‌దే.

వేడి సంగతి. పదేళ్లు తెరవని ల్యాప్‌టాప్‌లో ఫ్యాన్‌కీ, రాగి రేకుల హీట్ సింక్‌కీ మధ్య దుమ్ము పేరుకుని దూదిపరుపులా గట్టిపడి ఉంటుంది. బయటినుంచి బ్లోయర్ కొడితే ఆ పరుపు కదలదు. ఫ్యాన్ విప్పి చేత్తో తీయాలి. పాత థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని హీట్ సింక్‌కి చేరవేసే పూత) ఎండి సుద్దలా అయి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, చిప్ మధ్యలో కందిగింజంత పేస్ట్ పెట్టి హీట్ సింక్ బిగించాలి. ఎక్కువ పూస్తే ఎక్కువ చల్లబడదు, అంచులు దాటి కారుతుంది అంతే. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకుని కొట్టండి, లేకపోతే ఫ్యాన్ విపరీతంగా తిరిగి బేరింగ్ పాడవుతుంది. ఎస్‌ఎస్‌డీ కోసం ఎలాగూ మూత తీస్తారు కాబట్టి ఈ పని కూడా అప్పుడే చేయించుకోండి.

డిస్క్ మార్చే నిర్ణయానికి ముందు ఇంకొక్క పరీక్ష: క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో 05 (రీఎలోకేటెడ్ సెక్టార్స్), సీ5 (కరెంట్ పెండింగ్ సెక్టార్), సీ6 (అన్‌కరెక్టబుల్) వరసలు చూడండి. "రా వాల్యూస్" సున్నాలైతే డిస్క్ నెమ్మదిగా ఉంది గానీ ఆరోగ్యంగా ఉంది. సీ5లో అంకె కనిపించి పసుపు రంగులో "కాషన్" అంటే ఆ డిస్క్ పోయే దారిలో ఉంది. అప్పుడు చెక్‌డిస్క్ నడపకండి, డీఫ్రాగ్ అసలే వద్దు, క్లోనింగ్ (డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఇంకోదానికి కాపీ చేయడం) కూడా మొదట చేయకండి. ముందు ట్యాలీ డేటా, ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు వేరే డ్రైవ్‌కి కాపీ చేయండి. చచ్చేలా ఉన్న డిస్క్‌ని గంటల తరబడి మొదటి నుంచి చివరి దాకా చదివిస్తే మధ్యలోనే కన్ను మూస్తుంది. సీ7 (సీఆర్‌సీ ఎర్రర్) ఒక్కటే పెరుగుతుంటే మాత్రం లోపం ఎక్కువగా కేబుల్‌దో కనెక్టర్‌దో అయి ఉంటుంది.

కొనేటప్పుడు

మీ మెషీన్‌కి కావలసింది 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ. షాపులో "ఎన్‌వీఎంఈ అయితే ఇంకా ఫాస్ట్ సార్" అంటారు. నిజమే, కానీ 2015 నాటి ఐ3 ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఆ స్లాటే ఉండదు. మందం 7 మిల్లీమీటర్లు, మీ పాత డిస్క్ 9.5 ఉంటే ఎస్‌ఎస్‌డీ వదులుగా ఊగుతుంది. డబ్బాలో ప్లాస్టిక్ ఫ్రేమ్ వస్తే సరి, రాకపోతే పాత డిస్క్ లోహపు బ్రాకెట్‌లోనే స్క్రూలతో బిగించండి. సైజు: మీ వాడకానికి 256 జీబీ సరిపోతుంది. 500కి తేడా తక్కువైతే అది తీసుకోండి, ఎందుకంటే ఎస్‌ఎస్‌డీని నిండా నింపకూడదు, 15 నుంచి 20 శాతం ఖాళీ ఉంచాలి.

బ్రాండ్ల మీద ఎక్కువ తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. కింగ్‌స్టన్ ఏ400, క్రూషియల్ బీఎక్స్500 లాంటి చవక రకాల్లో డీర్యామ్ కాష్ (డ్రైవ్‌కి సాయపడే వేగమైన మెమరీ) ఉండదు. పెద్ద ఫైళ్లు పదుల జీబీల్లో కాపీ చేస్తే మధ్యలో నీరసిస్తాయి. ట్యాలీ, ఎక్సెల్‌కి ఆ తేడా తెలియదు. శామ్‌సంగ్ 870 ఈవో మెరుగైనదే గానీ ఈ మెషీన్ మీద అంత పెట్టడం అనవసరం. పేరు తెలియని డబ్బాలు, "16 టీబీ పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీ" అని రెండు మూడు వేలకు వచ్చేవి మాత్రం నకిలీలు. అనుమానం ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో నింపి చూడండి, నిజం సైజు బయటపడుతుంది.

ర్యామ్ దగ్గర జరిగే పొరపాటు ఒక్కటే. మీకు కావలసింది డీడీఆర్3ఎల్, 1.35 వోల్టులది. ఉన్న ర్యామ్ మీది స్టిక్కర్‌లో "పీసీ3ఎల్-12800ఎస్" అని ఉంటుంది. ఆ "ఎల్" లేని 1.5 వోల్టుల ముక్క కూడా అదే స్లాటులో చక్కగా కూర్చుంటుంది, మెషీన్ మాత్రం లేవదు, నల్ల తెర. అప్పుడు "మదర్‌బోర్డు పోయింది సార్" అనే మాట వినిపిస్తుంది. ముందు పాత ర్యామ్ ఒక్కటే పెట్టి చూడమనండి.

ధరల గురించి ఒక మాట. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్‌లు ఏఐ సర్వర్లకు మళ్లడంతో ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ధరలు బాగా ఎగబాకాయి. రెండేళ్ల కిందటి వీడియోలో చెప్పిన ధర పట్టుకుని షాపతనితో గొడవ పడకండి. డీడీఆర్3ఎల్ ముక్క సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. నా లెక్క ఇదీ: వాడిన ర్యామ్ కొనొచ్చు, వాడిన ఎస్‌ఎస్‌డీ వద్దు, వాడిన బ్యాటరీ జోలికే పోవద్దు. ర్యామ్ పెట్టాక విండోస్ మెమరీ డయాగ్నొస్టిక్ ఒక రౌండు నడిపితే మంచీ చెడూ తెలిసిపోతుంది.

బిగించే ముందు, బిగించేటప్పుడు

ట్యాలీ వాడేవాళ్లు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. ట్యాలీ లైసెన్సు మెషీన్ హార్డ్‌వేర్‌తో ముడిపడి ఉంటుంది. డిస్క్ తీసే ముందే ట్యాలీలోని లైసెన్సు మెనూలో "సరెండర్" చేసేయండి, కొత్త డిస్క్ మీద మళ్లీ యాక్టివేట్ చేసుకోండి. ముందు పాత డిస్క్ పీకేసి తర్వాత గుర్తొస్తే ఫోన్ల చుట్టూ తిరగాలి. డేటా ఎక్కడుందో కూడా చూసిపెట్టుకోండి. ట్యాలీప్రైమ్ మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, ట్యాలీప్రైమ్, డేటా అనే దారిలో కంపెనీకో నంబరు ఫోల్డరు చొప్పున దాచుతుంది. కంపెనీని వేరే చోట పెట్టి ఉంటే "డేటా పాత్" ట్యాలీలోనే కనిపిస్తుంది. ఆ ఫోల్డర్లు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, ఇంకో కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోండి.

క్లోనింగా, కొత్తగా విండోస్ వేయడమా? పదేళ్ల చెత్త పేరుకున్న విండోస్‌ని అలాగే ఎత్తి కొత్త డిస్క్‌లో పోస్తే చెత్త కూడా వస్తుంది. మీకైతే కొత్తగా వేయడమే మేలు. 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. ల్యాప్‌టాప్ విండోస్‌తోనే వచ్చి ఉంటే లైసెన్సు కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ మార్చినందుకు విండోస్ యాక్టివేషన్ పోదు. ఇంతకుముందు ఏ ఎడిషన్ ఉందో అదే వేయాలి. మన దగ్గర అమ్మిన ఇంటి ల్యాప్‌టాప్‌లలో తరచుగా "హోమ్ సింగిల్ లాంగ్వేజ్" ఉంటుంది, షాపువాళ్లు అలవాటుగా "ప్రో" వేస్తే యాక్టివేట్ కాదు, అప్పుడు ఏదో క్రాక్ (దొంగ యాక్టివేషన్) పెడతారు. అది మాత్రం ఒప్పుకోకండి. సీడీ పోయిన పాత సాఫ్ట్‌వేర్, మెషీన్‌కి ముడిపడిన లైసెన్సులు ఉన్నవాళ్లకు, ఉదాహరణకు పేజ్‌మేకర్, అను ఫాంట్లతో నడిచే డీటీపీ సెంటర్లకు, క్లోనింగే సుఖం. దానికి క్లోన్‌జిల్లా ఉచితం. ఒక సాటా-యూఎస్‌బీ కేబుల్ కావాలి. పేజ్‌మేకర్ వాళ్లకి ఇంకో మాట: అది 2001 నాటి 32-బిట్ సాఫ్ట్‌వేర్, దానికోసమని 16 జీబీ ర్యామ్ వేసినా రవ్వంత కూడా వేగం పెరగదు.

విప్పడం: బ్యాటరీ తీసి, పవర్ బటన్ 20 సెకన్లు నొక్కి పట్టుకోండి. స్క్రూలు రెండు మూడు పొడవుల్లో ఉంటాయి. కాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసి, ఏ చోటిది ఆ చోట గుచ్చండి. పొడుగు స్క్రూ పొట్టిదాని చోట బిగిస్తే పైన టచ్‌ప్యాడ్ పక్కన బుడిపె లేస్తుంది. డీవీడీ డ్రైవ్ బయటికి లాగాక దాని కింద చిన్న స్క్రూలు దాక్కుని ఉంటాయి, రబ్బరు కాళ్ల కిందా ఉండొచ్చు. మూత రాకపోతే బలవంతం చేయకండి, ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయింది. పాత ఏటీఎం కార్డు అంచు వెంట తిప్పితే క్లిప్పులు టిక్ టిక్‌మంటూ వదులుతాయి. కీబోర్డు ఎత్తగానే లాగేయకండి, కింద పట్టీ కేబుల్ ఉంటుంది. దాని తాళం గోరుతో పైకి లేపితే పట్టీ దానంతట అదే జారి వస్తుంది. ఆ తాళం విరిగితే కీబోర్డు పని చేయదు. పార్టు పది రూపాయలదే అయినా కూలీ వందల్లో ఉంటుంది. ర్యామ్‌ని 30 డిగ్రీల వాలుగా పూర్తిగా లోపలికి తోసి, తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్ పడాలి. ఒక పక్కే పడితే అది కూర్చోలేదు.

డీవీడీ డ్రైవ్ తీసి ఆ చోట క్యాడీలో (డీవీడీ డ్రైవ్ సైజు ఫ్రేమ్‌లో) పాత హార్డ్ డిస్క్ పెట్టుకోవచ్చు. క్యాడీ మందం 9.5, 12.7 మిల్లీమీటర్లు రెండు రకాలు, కొలిచి కొనండి. అయితే విండోస్ వేసేటప్పుడు పాత డిస్క్ తప్పనిసరిగా బయటే ఉండాలి. రెండూ లోపలుంటే విండోస్ ఒక్కోసారి తన బూట్ ఫైళ్లను పాత డిస్క్‌లో పెట్టుకుంటుంది, రేపు అది పోయిన రోజు కొత్త ఎస్‌ఎస్‌డీ కూడా లేవదు. బయోస్‌లో (విండోస్ లేవకముందు తెరిచే మెషీన్ సెట్టింగుల్లో) సాటా మోడ్ ఏహెచ్‌సీఐ ఉండేలా చూసుకోండి.

బ్యాటరీ, కీబోర్డు ఎందుకు వద్దన్నాను

మీరు రోజూ ప్లగ్ పెట్టే పని చేస్తున్నారు కాబట్టి. కరెంటు పోయినప్పుడు ట్యాలీ సేవ్ చేసుకునేంత సేపు వస్తే చాలు. ఒక్క మినహాయింపు: టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినా, మూత సరిగా మూసుకోకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. అప్పుడు వెంటనే తీసేయాలి, మార్చకపోయినా ఫర్వాలేదు, లోపల మాత్రం ఉండకూడదు. కీబోర్డుకి బదులు యూఎస్‌బీ కీబోర్డు పెట్టుకోండి. రేపు ల్యాప్‌టాప్ మార్చినా అది మీతోనే వస్తుంది.

పాప క్లాసుల సంగతి

ఎస్‌ఎస్‌డీ వేశాక కూడా ఇది కొంత ఇబ్బంది పెడుతుంది, ముందే చెబుతున్నాను. వీడియో కాల్ డిస్క్ పని కాదు, ప్రాసెసర్ పని. మీదాంట్లో ఉన్నది రెండు కోర్లు, అదీ కొత్త వీడియో ఫార్మాట్లను సొంతంగా విప్పే చిప్ సరిగా లేని కాలానిది. కాల్‌లో బ్యాక్‌గ్రౌండ్ మసకబార్చడం ఆపండి, అందరి ముఖాలూ కనిపించే గ్యాలరీ బదులు మాట్లాడేవాళ్ల ముఖం ఒక్కటే పెట్టండి. యూట్యూబ్‌కి హెచ్264ఇఫై (h264ify) లాంటి, వీడియోని పాత ఫార్మాట్‌లో తెప్పించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసి 720పీలో చూస్తే ఫ్యాన్ గోల తగ్గుతుంది. ఇవన్నీ చేశాక కూడా, డిస్క్, మెమరీ ఖాళీగా ఉండి సీపీయూ ఒక్కటే 95 శాతం పైన ఉంటే దానికి ఏ పార్టూ మందు కాదు. మెషీన్ మార్చడమే.

రెండు యాంటీవైరస్‌లు కలిసి ఉన్నాయేమో కూడా చూడండి. కొన్నప్పుడు వచ్చిన ట్రయల్ ఒకటి, షాపతను వేసినది ఒకటి. రెండూ ఒకే ఫైలు మీద కుస్తీ పడుతుంటాయి. రెండూ తీసేయండి, విండోస్ డిఫెండర్ చాలు.

విండోస్ 10 గడువు

ఇంటి వాడకందార్లకు ఒక ఏడాది భద్రతా అప్‌డేట్ల పొడిగింపు ఇచ్చారు, 2026 అక్టోబర్ 13 వరకు. విండోస్ 10లో 22హెచ్2 వెర్షన్ ఉండాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే "ఎన్‌రోల్" లింకు వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ సింక్ చేస్తే ఉచితం, లేదంటే 1,000 రివార్డ్ పాయింట్లో 30 డాలర్లో. డిఫెండర్ వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ వరకు వస్తూనే ఉంటాయి గానీ, అవి విండోస్‌లోని కన్నాలను పూడ్చవు.

విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు 8వ తరం నుంచి, టీపీఎం 2.0 (భద్రతా చిప్), సెక్యూర్ బూట్ కావాలి. రూఫస్ అనే సాధనంతో ఆ తనిఖీలు దాటించి మీ 5వ తరంలోనూ వేయొచ్చు, నడుస్తుంది కూడా. కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని సమర్థించదు, ఏటా వచ్చే పెద్ద అప్‌డేట్‌ని ప్రతిసారీ చేత్తో వేసుకోవాలి. జీఎస్టీ, బ్యాంకు పనులు చేసే మెషీన్ మీద నేనైతే ఆ పని సిఫార్సు చేయను. ట్యాలీ లేకపోతే లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకోమనేవాణ్ని. చదువుకి, బ్రౌజింగ్‌కి, తెలుగు టైపింగ్‌కి ఏ లోటూ ఉండదు. ట్యాలీ విండోస్‌కి మాత్రమే వస్తుంది, అక్కడ చిక్కు.

అసలు ఒక్క రూపాయి కూడా పెట్టకూడని మెషీన్లు

32 జీబీ, 64 జీబీ ఈఎంఎంసీ (చవక రకం చిప్ స్టోరేజీ) ఉన్న సెలరాన్ ల్యాప్‌టాప్‌లు: చాలావాటిలో స్టోరేజీ, ర్యామ్ రెండూ బోర్డుకే అతికి ఉంటాయి, మార్చడానికి ఏమీ ఉండదు. డెస్క్‌టాప్‌లలో కోర్ 2 డ్యుయో బోర్డులు. మూత కీలు (హింజ్) విరిగి తెర ఊగేవి. మదర్‌బోర్డు ఒకసారి చిప్ రిపేరుకి వెళ్లి వచ్చినవి, ఎందుకంటే మళ్లీ వెళ్తాయి. అదే 4వ తరం ఐ5 డెస్క్‌టాప్ అయితే ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ వేసి హాయిగా వాడుకోవచ్చు. కాకపోతే ముందు ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) చూడండి, బోర్డు మీద కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో చూడండి.

మార్చాల్సి వస్తే

కొత్తది కొంటామని చవక సెలరాన్ 4 జీబీ మోడల్ తెచ్చుకోకండి. దానికంటే థింక్‌ప్యాడ్ టీ480, లాటిట్యూడ్ 7490, ఎలైట్‌బుక్ 840 జీ5 లాంటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లు రీఫర్బిష్డ్‌లో మెరుగు. 8వ తరం ఐ5 ఉన్నవైతే నాలుగు కోర్లు, రెండు ర్యామ్ స్లాట్లు, విండోస్ 11 అధికారికంగా. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో) ఇలాంటివి అమ్మే షాపులు ఉన్నాయి. మసిపూసి మారేడుకాయ చేసేవాళ్లూ ఉంటారు కాబట్టి అక్కడే నిలబడి ఇవి చూడండి:

"ఐ5" అని చెబితే సరిపోదు, పూర్తి నంబరు చూడాలి. ఐ5-8250యూ అంటే 8వ తరం. ఐ5-7200యూ, ఐ5-6300యూ కూడా బయటికి దాదాపు అలాగే ఉంటాయి, అవి విండోస్ 11కి అధికారికంగా పనికిరావు. బయోస్‌లోకి వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందా చూడండి, అడిగితే వదిలేయండి, అది పాత కంపెనీ తాళం. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఒక ఖాళీ, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ కొడితే ఒక ఫైలు వస్తుంది. అందులో "డిజైన్ కెపాసిటీ"తో పోలిస్తే "ఫుల్ ఛార్జ్ కెపాసిటీ" 60 శాతం కంటే తక్కువుంటే బ్యాటరీ డబ్బులు తగ్గించమని అడగండి. తెల్లటి తెర పెట్టి మరకలు చూడండి, నోట్‌ప్యాడ్‌లో ప్రతి కీ నొక్కండి, ఛార్జర్ పిన్ను పెట్టి కాస్త కదిపి చూడండి.

కొత్తదే కావాలంటే ఐ3-1215యూ స్థాయి నుంచి మొదలుపెట్టండి, 8 జీబీ తక్కువ కాకుండా, ఒక ర్యామ్ స్లాటైనా ఖాళీగా ఉన్నది. రైజెన్ 3 7320యూ మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికి ఉంటుంది, 8 జీబీది కొంటే జీవితాంతం 8 జీబీయే.

ఏ దారి పట్టినా, మీ పాత 1 టీబీ డిస్క్‌ని ఫార్మాట్ చేయకుండా ఒక నెల బీరువాలో పెట్టండి. పాస్‌బుక్ స్కానో, పాత జీఎస్టీ రిటర్న్ ఫైలో ఏదో ఒకటి మర్చిపోయి ఉంటారు. నెల తర్వాత, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ5 సున్నా ఉంటేనే, 2.5 అంగుళాల యూఎస్‌బీ డబ్బాలో పెట్టి వారానికోసారి ట్యాలీ బ్యాకప్‌కి వాడుకోండి.